అత్తగారు అన్నం మానిన ఏడాది

మొన్న ఆదివారం పేపరుతో పాటు వచ్చే రంగుల పుస్తకంలో ఒక సినిమా హీరోయిన్ వారం రోజులపాటు ఏ పూట ఏం తిన్నదీ తన మాటల్లోనే రాసుకుంటే వేశారు. ఏలూరులో మా ఇంటి వరండాలోకి పొద్దుటెండ పడే వేళ, పక్కన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ రెండు పేజీలూ మొదటినుంచీ చివరిదాకా చదివాను. వంటంటే ప్రాణం పెట్టేవాళ్ళం ఇలాంటివి ఊరికే చదవలేం కదా. పదార్థం పేరు కనబడగానే మనసులో పొయ్యి వెలిగించి మూకుడు పెట్టేస్తాం. ఆ అమ్మాయి సోమవారం పొద్దున్న ఓట్స్ తిన్నానంటే నేను వాటిలోకి ఓ కరివేపాకు రెబ్బ దూసి, చిన్న అల్లం ముక్క దంచి పడేశాను. మధ్యాహ్నం ఉడికించిన కూరముక్కలంటే, కాస్త ఆవపెడితే ఎంత బాగుండేవో అనుకున్నాను. బుధవారం రాత్రి కాల్చిన చేప, ఉప్పూ మిరియాలూ నిమ్మరసం అని రాసింది గానీ అది ఏ చేపో రాయలేదు. కొల్లేటి పక్కన కాపురం చేసినదాన్ని, వట్టి చేప అని ఊరుకుంటే నాకు తోచదు; మనుషులకున్నట్టే చేపలకీ పేర్లూ గుణాలూ ఉంటాయి, కొర్రమీనుకి చేసిన మర్యాద బొమ్మిడాయికి పనికిరాదు.

ఎగతాళికి చెప్పడం లేదు. ఒంటిని చూసుకుని బతకాల్సిన వృత్తిలో ఉన్న పిల్ల, నోరు కట్టుకోవడం ఎంత కష్టమో ఆ పిల్లకే తెలియాలి. అయితే శుక్రవారం దగ్గర ఒక వాక్యం రాసింది. తను అన్నం మానేసి చాలా ఏళ్ళయిందనీ, ఇప్పుడు ఎదురుగా వడ్డించి పెట్టినా తినాలనిపించదనీ. అక్కడ ఆగిపోయాను. లోపల రేడియో సరిచేసుకుంటున్న మావారిని పిలిచి వినిపిస్తే, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లిగా, "అమ్మకి ఒక్కనాడూ అలా అనిపించలేదు పాపం" అన్నారు.

మా అత్తవారి ఊరు ఆకివీడు దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో, వరిచేలు అయిపోయి నీళ్ళు మొదలయ్యే చోట ఉండేది. ఊరంతా వరే. వానాకాలం గట్టిగా పట్టిందంటే కొల్లేరు వెనక్కి తన్ని, చేలు మునిగి, ఏ గట్టు ఎవరిదో తెలిసేది కాదు. నీళ్ళు తీశాక మళ్ళీ నాట్లు ఊడ్చుకునేవారు. ఏడాదికి రెండు పంటలు, వానాకాలం సార్వా ఒకటి, వేసవికి చేతికొచ్చే దాళ్వా ఒకటి. ఇంటి ముందు వరిగడ్డితో పేనిన లావుపాటి తాళ్ళు చుట్టలు చుట్టలుగా చుట్టి, గుడిసంత ఎత్తున పురి కట్టి ధాన్యం పోసేవారు. నేను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. మిల్లు ఊళ్ళో పెరిగాను కాబట్టి బియ్యం గురించి నాకంతా తెలుసనుకుంటూ కాపురానికి వెళ్ళాను గానీ, అన్నం అంటే ఏమిటో మా అత్తగారు తినడం చూశాకే తెలిసింది.

ఆవిడ పొడగరి, ఎముక గట్టి మనిషి. ఇంటిల్లిపాదికీ వడ్డించి, పొలంనుంచి వచ్చినవాళ్ళకి పెట్టి, చివర్న గోడకి ఆనుకుని పీట వేసుకుని కూర్చునేవారు. మొదట ముద్దపప్పూ నెయ్యీ, ఆ తర్వాత పులుసు, చివరికి గడ్డ పెరుగు. వేళ్ళతో అన్నాన్ని చిదమకుండా, మెతుకు మెతుక్కీ పులుసు తగిలేలా తిరగేసి కలిపేవారు. హడావిడి లేదు, సిగ్గు లేదు. అప్పుడే తిని లేచినవాళ్ళకి కూడా ఆవిడ తింటుంటే మళ్ళీ ఆకలేసేది. ఇక ఆవిడ చేపల పులుసు సంగతి చెప్పాలంటే వేరే రాయాలి. మట్టి దాకలో పెట్టాక గరిట ముట్టించేవారు కాదు. పాత గుడ్డతో దాక అంచులు రెండు చేతులా పట్టుకుని, ఉయ్యాలలో పిల్లని ఊపినట్టు ఊపి దింపేవారు. మామిడికాయల కాలమైతే చింతపండు తగ్గించి మామిడి ముక్కలు వేసేవారు. ఆ రోజుల్లో నాకు వంటింట్లో ఉల్లిపాయలు తరగడం, చింతపండు పిసకడం వరకే అధికారం. "గూడెం పిల్లవి, నీకు చేప సంగతేం తెలుసు, చూస్తా ఉండు" అనేవారు. చూస్తూ ఉండేదాన్ని.

నా పెళ్ళయిన మరుసటి వానాకాలం, పెరట్లో చేపలు బాగుచేసిన చోట పడి ఉన్న జెల్ల చేప ముల్లు ఆవిడ కాలి బొటనవేల్లో దిగింది. జెల్ల ముల్లు ఎంత సలుపుతుందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. పసుపూ సున్నం పెట్టారు, ఆకు పసరు పోశారు, ఆకివీడులో సూది మందు వేయించారు. మామూలుగా అయితే పది రోజుల్లో మానాల్సింది, నాట్లు అయిపోయి కలుపు తీసే రోజులొచ్చినా పుండు అలాగే ఉంది. ఆవిడ లెక్కచేయలేదు, కాలికి గుడ్డ చుట్టుకుని పని చేసుకుంటూ తిరిగేవారు. చివరికి వేలు నల్లబడుతోందని మావారు పట్టుబట్టి ఏలూరు తీసుకెళ్తూ, తోడుగా నన్నూ రమ్మన్నారు.

డాక్టరమ్మగారు చాలా నెమ్మదైన మనిషి. పరీక్షలు అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి, షుగర్ జబ్బు బాగా ముదిరిందని, ముందు తిండి మార్చకపోతే ఏ మందూ పనిచేయదని చెప్పారు. తీపి మానమంటే అత్తగారు తలూపారు. మామిడిపళ్ళు మానమంటే కొంచెం ఆలోచించి ఊఁ అన్నారు. అన్నం మానేసి రెండు పూటలా గోధుమ రొట్టెలు తినాలన్నప్పుడు మాత్రం, తప్పు విన్నానేమో అన్నట్టు మావారి ముఖంలోకి చూశారు.

"ఇంటి ముందర పురి పెట్టుకుని రొట్టెలు తినమంటారేంటండీ?" అన్నారు డాక్టరమ్మగారితో. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. "మేం వరి పండించుకునే వాళ్ళమండీ. అన్నం తినకపోతే అది భోంచేసినట్టు ఎలా అవుతుందండీ?"

డాక్టరమ్మగారు నవ్వలేదు. "నిజమేనమ్మా. కానీ కాలు కావాలంటే తప్పదండీ" అన్నారు.

తిరుగు ప్రయాణంలో కొల్లేటి దారి నీళ్ళలో మునిగి గూడెం మీదుగా రావాల్సి వచ్చింది కాబట్టి, అక్కడ దిగి మా పుట్టింటికి వెళ్ళాం. వియ్యపురాలు మొదటిసారి చెప్పకుండా గడప తొక్కిందని మా అమ్మ సంబరపడిపోయి, ఇరుగుపొరుగుల్ని అడిగి మంచి అరిటాకు తెచ్చి, పొగలు కక్కే అన్నం వడ్డించింది. ఎవరం ముందుగా చెప్పలేకపోయాం. అత్తగారు ఆకు ముందు కూర్చుని, అన్నం వైపు చూస్తూ, చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని ఉండిపోయారు. విస్తట్లో పెట్టిన అన్నం వద్దనడం మా వైపు ఎంత అమర్యాదో మీకు తెలుసు. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మ చెవిలో చెబితే, అమ్మ నిర్ఘాంతపోయి, కళ్ళు తుడుచుకుని, అప్పటికప్పుడు గోధుమపిండి కలిపింది. మా పక్క వాటాలో ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన రైల్వే వాళ్ళుండేవారు. వాళ్ళ దగ్గర అమ్మ చపాతీలు చెయ్యడం నేర్చుకుంది, నేనూ చూసి కొంత నేర్చుకున్నాను. అత్తగారు రెండు తిన్నారు. బాగున్నాయని కూడా అన్నారు, మర్యాద కోసం. బస్సు ఉండి అనే ఊరు దాటాక, రెండు పక్కలా వెన్ను తియ్యబోతూ పొట్ట మీదున్న వరిచేలు చూస్తూ, "వియ్యపురాలి చేతి అన్నం వద్దనాల్సి వచ్చింది చూశావా అమ్మాయ్" అన్నారు నాతో.

అలా మా ఇంట్లోకి గోధుమపిండి వచ్చింది. అప్పట్లో మా ఊళ్ళో రొట్టెలంటే జ్వరం వచ్చినవాళ్ళు తినేవి. నేను చేసేవి పెనం మీద బాగా పొంగేవి కావు, చల్లారితే గట్టిపడేవి. ఆవిడ వంకపెట్టేవారు కాదు, అదే నాకు భయం వేసేది. మందు మింగినట్టు మింగి, మంచినీళ్ళు తాగి లేచిపోయేవారు. కొన్నాళ్ళు ఎప్పటిలాగే అందరికీ ఆవిడే వండి వడ్డించారు. గంజి వార్చేటప్పుడు వచ్చే ఆవిరికి ముఖం పక్కకి తిప్పుకోవడం నేను చూశాను. ఒకరోజు పులుసులో ఉప్పు మరిచారు. మర్నాడు రెండుసార్లు వేశారు. ఆ తర్వాత రోజు పొద్దున్నే పీట నా వైపు తోసి, "ఇక నువ్వు చూసుకో. తినని దానికి రుచేం తెలుస్తుంది" అని వసారాలోకి వెళ్ళి కూర్చున్నారు.

కొత్త కోడలికి వంటిల్లు చేతికి రావడం పండగలాంటిదంటారు. నాకు ఏడుపొచ్చింది. నేను వండినవి ఆవిడ వంటలా ఉండేవి కావు. చేప విరిగిపోయేది, పులుసు పలచనయ్యేది. మామయ్యగారు మాటలు తక్కువైన మనిషి. వడ్లగింజ పంటికింద కొరికి అందులో తేమ ఎంతుందో చెప్పగలిగిన ఆయన, కూర ఎలా ఉందో మాత్రం ఏనాడూ చెప్పలేదు. తలవంచుకుని తిని వెళ్ళిపోయేవారు. అత్తగారు చిక్కిపోసాగారు. ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వేవారు కాదు. ఒక్క మనిషి అన్నం మానితే ఇల్లు ఇంత మూగబోతుందా అనిపించేది.

ఒక మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ, నేను పెరటివైపు వెళ్తే పాక వెనకాల అత్తగారు కనిపించారు. ఒళ్ళో గిన్నె, అందులో చల్లటి అన్నం, ముందురోజు పులుసు. నన్ను చూసి దాచుకోలేదు. చేతిలో ఉన్న ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాక, "చెప్తావా?" అని అడిగారు.

వెళ్ళి పక్కన కూలబడ్డాను. "కాలు పోతుందంటున్నారు కదా అత్తయ్యా" అన్నాను.

"కాలు లేకపోతే కూర్చునైనా తినొచ్చే" అన్నారు. అని నవ్వబోయి, నవ్వలేక, ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని ఏడ్చారు. అంత పెద్దమనిషి అలా ఏడవడం చూసి నేనూ ఏడ్చాను. "రొట్టె చెడ్డదని కాదమ్మాయ్," అన్నారు కాసేపటికి, "అందరూ ఒకటి తింటా ఉంటే నేనొక్కదాన్నీ ఇంకోటి తింటన్నాను. ఈ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంది నాకు."

నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ పడలేదు. ఆ తర్వాత ఏలూరు వెళ్ళినప్పుడు రక్తపరీక్షే అంతా చెప్పేసింది. డాక్టరమ్మగారు ఈసారి మామయ్యగారిని పిలిపించుకుని, ఇలాగే జరిగితే ముందు వేలు, తర్వాత పాదం తీసెయ్యాల్సి వస్తుందని దాపరికం లేకుండా చెప్పారు. మామయ్యగారు దారి పొడుగునా బస్సు కిటికీ చువ్వ పట్టుకుని కూర్చున్నారు. భార్యని ఒక్క మాట అనలేదు.

ఆ ఏడాది దాళ్వా బాగా పండింది. నూర్పిళ్ళయ్యాక కొత్త ధాన్యం కొంచెం ముందుగా మిల్లు పట్టించి, ఆ బియ్యంతో పాలు పొంగించి పరమాన్నం వండి, దేవుడికి పెట్టి, ఆ పూట ఇంటిల్లిపాదీ ఒకే బంతిన కూర్చుని కొత్త అన్నం తినడం మా ఇంటి ఆచారం. ఆ రోజు వంట నేనే చేశాను. కొత్త బియ్యం ఉడుకుతుంటే ఇల్లంతా లేత గడ్డివాసనలాంటి తియ్యటి వాసన. అత్తగారు తలస్నానం చేసి, దీపం పెట్టి, నైవేద్యం పెట్టి, అందరికీ తన చేత్తోనే వడ్డించారు. వడ్డించి తన రెండు రొట్టెలూ పళ్ళెంలో పెట్టుకుని, బంతి చివర కూర్చున్నారు.

మామయ్యగారు అన్నం కలపలేదు. నా వైపు తిరిగి, "అమ్మాయ్, నాకూ రెండు రొట్టెలు పెట్టమ్మా" అన్నారు.

అందరం తలలెత్తి చూశాం. అత్తగారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. "మీకేం జబ్బండీ? పండించిన మనిషి కొత్త అన్నం వద్దంటే ఇంటికి మంచిదేనా?" అన్నారు.

"జబ్బేం లేదు," అన్నారాయన. "నువ్వు అక్కడ ఎండురొట్టె నమలతా ఉంటే ఇక్కడ నాకు ముద్ద దిగటం లేదు. ఇన్నాళ్ళూ ఎలాగో దించాను. ఇక నావల్ల కాదు."

నేను ఆ ఇంటికి వచ్చాక ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా వినలేదు. నేను రొట్టెలు పెట్టాను. ఆయన దేవుడి ప్రసాదంగా రెండు మెతుకులు నోట్లో వేసుకుని, ఆ తర్వాత రొట్టె తుంచడం మొదలుపెట్టారు. అలవాటు లేని చెయ్యి, పైగా ఆయనకి దవడపళ్ళు అప్పటికే ఊడిపోయాయి. ఒక్కో ముక్కనీ ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుకుంటూ నమిలారు. అత్తగారు తన పళ్ళెం సంగతి మరిచిపోయి ఆయన దవడలనే చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం నేను పొయ్యి రాజేస్తుంటే కుంటుకుంటూ వంటింట్లోకి వచ్చారు. ఎన్ని నెలలయిందో ఆవిడ వంటకని ఆ గడప దాటి. పీట లాక్కుని కూర్చుని, "ఆ పిండి ఇలా తే. నువ్వు చేసేవి అట్టముక్కల్లా ఉంటన్నాయి, ఆయన పళ్ళకి ఆనవు" అన్నారు. తనకోసం ఏనాడూ ఆ పిండి ముట్టుకోని మనిషి, ఆయన కోసం ముట్టుకున్నారు. ఆ మాటే బయటికి అంటే లేచి వెళ్ళిపోతారేమోనని నోరు మూసుకుని పిండి పళ్ళెం అందించాను. మా అమ్మ ఎలా కలుపుతుందో అడిగారు. వేణ్ణీళ్ళతో అని చెప్పాను. ఆవిడ వేణ్ణీళ్ళతో పాటు ఓ చెంచాడు మజ్జిగ చిలకరించి, మెత్తగా మర్దించి, తడిగుడ్డ కప్పి పక్కన పెట్టారు. మొదట్లో గుండ్రంగా రాలేదు, కొల్లేటి లంకల్లా ఒక్కోటి ఒక్కో ఆకారం. ఇద్దరం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుని నవ్వాం.

తర్వాత రొట్టెల్లోకి కూర సంగతి వచ్చింది. అన్నంలోకి చేసే పులుసు రొట్టెకి అంటదు, జారిపోతుంది. ఆవిడ రోజుల తరబడి ఆలోచించి, పులుసు దగ్గరకి రానిచ్చి, ఉల్లిపాయ ఎక్కువ నూరి వేసి, కొర్రమీనుని ముళ్ళు తీసి ఇగురు చేశారు. రుచి చూసి చెప్పాల్సింది ఎప్పుడూ మామయ్యగారే. ఆయన చెప్పేది అంతంతమాత్రమే అయినా, రెండో రొట్టె అడిగితే బాగున్నట్టు. ఆయన ఆనాటినుంచి పోయేదాకా రాత్రిపూట అన్నం ముట్టలేదు. చూసి చూసి మావారూ, ఆ తర్వాత నేనూ. రాత్రి కుండలో అన్నం ఉడకని ఇల్లు ఆ ఊళ్ళో మాదొక్కటే. మొదట్లో ఊరంతా చెవులు కొరుక్కుంది, ఆ తర్వాత మా ఇంటి ఇగురు కోసం గిన్నెలు పట్టుకొచ్చింది.

అత్తగారు మళ్ళీ పాక వెనక్కి వెళ్ళగా నేను చూడలేదు. పుండు ఎంత మెల్లిగా మానిందంటే, మానుతోందని ఎవరికీ తెలియలేదు. మళ్ళీ నాట్ల రోజులకి చర్మం మూసుకుంది. వేలు వంకరపోయింది గానీ మిగిలింది. డాక్టరమ్మగారు సంతోషించి, మధ్యాహ్నం ఒక గుప్పెడు అన్నం తినవచ్చన్నారు. ఆ గుప్పెడూ ఆవిడ చివర్న మజ్జిగతో తినేవారు. ముందే తినేస్తే అయిపోతుందని బెంగట, చివర తింటే ఆ రుచితోనే లేవచ్చట. నాకు తెలిసిన వంటంతా ఆ ఏడాదీ, ఆ తర్వాతి ఏళ్ళలోనూ ఆ పీట పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఆవిడ మాటతీరు కూడా మారింది. గూడెం పిల్ల అనడం మానేసి, మా అమ్మాయి అనడం మొదలుపెట్టారు. ఎప్పటినుంచన్నది నేను గమనించుకోలేదు.

మామయ్యగారు వెళ్ళిపోయారు, కొన్నేళ్ళకి ఆవిడా వెళ్ళిపోయారు. మేం మావారి ఉద్యోగం కోసం వచ్చి ఏలూరులోనే ఉండిపోయాం. ఊళ్ళో ఇంట్లో ఇప్పుడు మా మరిదిగారి అబ్బాయి కుటుంబం ఉంటోంది. పొలాలన్నీ ఎప్పుడో చేపల చెరువులు తవ్వేశారు. పచ్చగా ఉండాల్సిన చోట గట్లూ, నీళ్ళూ, మేత బస్తాలూ, ఐసు పెట్టెలతో బారులు తీరిన లారీలూ. తప్పుపట్టను, వరి మునిగిపోయిన ఏళ్ళు నేనూ చూశాను, చెరువులు వాళ్ళని నిలబెట్టాయి. బియ్యం బస్తా ఆకివీడు కొట్టునుంచి వస్తుంది.

కిందటి వేసవిలో ఒక పూట వెళ్ళాం. ఆ అబ్బాయి భార్య ఎంతో మర్యాదగల పిల్ల. మధ్యాహ్నం ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "మీరేం తింటారండీ?" అని అడిగింది. ఒకరికి కొర్రల అన్నం, ఒకరికి ఓట్స్, చెరువు దగ్గరున్న భర్తకి క్యారేజీ, కాలేజీ పిల్లకి దాని గదిలోకే పళ్ళెం. మావారికి మాత్ర వేసుకునే వేళని బట్టి ముందే పెట్టేసింది. మా రోజుల్లో ఎవరినీ ఏం తింటావని అడిగినవారు లేరు, వండింది పెట్టేవారు. ఎవరి ఒంటికి ఏది పడుతుందో ఇంత శ్రద్ధగా కనుక్కోవడం మంచి మార్పేనని నాకు తెలుసు. అలా కనుక్కుని ఉంటే కొందరు ఇంకొన్నాళ్ళు బతికేవారు కూడా.

నా వంతు వచ్చేసరికి రెండు దాటింది. నాకిష్టమని బొమ్మిడాయిల పులుసు చేసింది, చేప విరగకుండా, పులుసు చిక్కగా, చక్కగా కుదిరింది. బాగుందమ్మా అని చెబుదామని తలెత్తాను. ఆ పిల్ల ఇంకెవరికో పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. బల్ల చుట్టూ కుర్చీలన్నీ సర్ది ఉన్నాయి. నేనొక్కదాన్నే కూర్చుని, నిదానంగా, చివరిదాకా తిన్నాను.